ఏడో ద్వారం దగ్గర దండోరా

నీలకూట నగరాన్ని మొదటిసారి చూసినవాళ్ళకి అది కొండమీద కట్టిన కోటో, కోటలోంచి మొలిచిన కొండో వెంటనే తేలేది కాదు. ఇంద్రనీలాల రంగు రాళ్ళతో ఆకాశంలోకి లేచిన ప్రాకారం, దానిమీద బారెడుకొకటి చొప్పున పసుపుపచ్చని పతాకాలు, బురుజుల నీడలో పొగడచెట్ల వరసలు, ఆ చెట్ల పాదాలు తడుపుతూ అగడ్త. ఆ అగడ్తలో తామరలు ఎంత ఒత్తుగా పూసేవంటే నీళ్ళు కనపడక కొత్తవాళ్ళు నేలే అనుకుని కాలు పెట్టేసేవారు. పెట్టాక, తామరాకుల కింద తాటిచెట్టంత పొడవున పడుకున్న మొసలి సంగతి కూడా వాళ్ళకి తెలిసివచ్చేది. అదృష్టం కొద్దీ ఆ మొసలి ఎవర్నీ ఏమీ చేసేది కాదు. ఎందుకు చెయ్యదో ఎవరూ ఆలోచించలేదు. కరవని జంతువు గురించి ఆలోచించే తీరిక ఎవరికుంటుంది?

ఆ నగరంలో దండోరా వేసే బయ్యన ఆ రోజు పొద్దు నాలుగు బారలెక్కినా ఇంట్లోంచి కదల్లేదు. అతని అక్క మాచమ్మకి ఆ సాయంత్రం అస్తమయ భేరి మోగగానే అగ్నిపరీక్ష.

మాచమ్మ కొండలెక్కి మూలికలు ఏరుకొచ్చి రాజవైద్యులకి అందించే మనిషి. మూడు రోజుల కిందట ఆమె తెచ్చిన వేరుతో కాచిన కషాయం తాగి జయకేతు మహారాజు రాయిలా పడిపోయాడు. కళ్ళు మూతపడ్డాయి, ఊపిరి జాడ లేదు, అయినా ఒళ్ళు చల్లబడలేదు. మహామంత్రి ధూమకేశి వెంటనే మాచమ్మ మీద వేలు చూపించాడు. ఈ ధూమకేశి జుట్టులోంచి ఎప్పుడూ సన్నగా పొగ లేస్తూ ఉండేది. సాంబ్రాణి వేసుకుంటాడని కొందరు, లోపల బుర్ర మండుతోందని కొందరు చెప్పుకునేవారు. నలభై ఏళ్ళుగా ఆ జుట్టులో ఒక్క వెంట్రుకా నెరవలేదు.

నీలకూటంలో నిందపడిన వాళ్ళకి మొదట చేసే పని నోటికి ఎర్రగుడ్డ కట్టడం. తరువాత ఎర్రగా కాల్చిన నాగటికర్రు అరచేతుల్లో పెట్టి ఏడడుగులు నడిపిస్తారు. చెయ్యి కాలిందా, నేరం రుజువైనట్టే, కొండ చరియమీంచి తోసేస్తారు. కాలలేదా, గుడ్డ విప్పుతారు. కాలని చెయ్యి ఇంతవరకూ ఎవరూ చూడలేదు కనక, ఆ నగరం పుట్టినప్పటి నుంచి నిందపడిన మనిషి చెప్పుకున్న మాట ఒక్కటీ ఎవరి చెవినా పడలేదు. మాచమ్మని లాక్కుపోయేటప్పుడు గుడ్డ పైనుంచి ఆమె కళ్ళు తమ్ముణ్ణి చూశాయి, ధూమకేశిని చూశాయి, మళ్ళీ తమ్ముణ్ణి చూశాయి. ఆమె ఏదో కళ్ళారా చూసిందని బయ్యనకి అర్థమైంది. అదేమిటో ఆమె చెబితే తప్ప లోకానికి తెలియదు.

కోపం ఎవరిమీద చూపించాలో తెలియక బయ్యన గోడకి వేలాడుతున్న తాతగారి డోలుని ఒక్క తన్ను తన్నాడు. తాత గంగన్న కూడా దండోరా మనిషే. నలభై ఏళ్ళ కిందట ఒక సాయంత్రం దండోరాకి వెళ్ళి, నోరూ కుడిచెయ్యీ పడిపోయి ఇంటికి వచ్చాడు. బతికిన పదేళ్ళూ ఒక్క మాట లేదు. ఎడమచేత్తో ఎప్పుడూ డోలు వైపే చూపించేవాడు. వాయించమంటున్నాడని ఇంట్లోవాళ్ళు పాపం రోజూ వాయించి వినిపించేవారు. ముసలాయన తల బాదుకునేవాడు. ఆ డోలు కదిలిస్తే లోపల గలగలమని ఏదో చప్పుడయ్యేది. దానికి ఇంట్లో తాత దగ్గు అని పేరు పెట్టుకున్నారు.

తన్ను తగిలి డోలు ఎడమ మూతి చర్మం చిరిగింది. లోపలినుంచి తాత దగ్గు బయటికి వచ్చి పడింది. అది తాటాకు. దాని అంచున ఆరు లక్క ముద్రలు, ఏడో ముద్ర ఉండాల్సిన చోట ఖాళీ. బయ్యన కూడబలుక్కుని చదివాడు.

‘నిందపడిన మనిషి నోరు కట్టరాదు. ఆ మనిషి చెప్పుకొను మాట సభ వినక ఎట్టి శిక్షయు విధింపరాదు. ఇది వీరకేతు మహారాజు శాసనము.’

వీరకేతు మహారాజంటే ఇప్పుడు రాయిలా పడివున్న రాజుగారి తండ్రి. బయ్యన తాటాకు రొండిన దోపుకుని ఒక్క పరుగున ధర్మాధికారి వామదేవభట్టు ఇంటికి చేరాడు.

వామదేవభట్టు లంచం ముట్టడు, అబద్ధమాడడు, నవ్వడు. ఆ సాయంత్రం పరీక్ష జరిపించాల్సింది ఆయనే. ఆకు చూడగానే ఆయన చేతిలో తాళపత్రాల కట్ట జారి కిందపడింది.

"ఈ అక్షరాలు నావి," అన్నాడు ఆకు కళ్ళకి దగ్గరగా పెట్టుకుని. "అప్పుడు నేను ఆస్థానంలో రాయసగాణ్ణి. మహారాజు చెబుతుంటే నేనే రాశాను."

బయ్యన ప్రాణం లేచొచ్చింది. అయితే గుడ్డ విప్పించండని కాళ్ళమీద పడ్డాడు. ముసలాయన తల అడ్డంగా ఊపాడు. నీలకూటంలో రాజు చేవ్రాలు పెట్టినంత మాత్రాన శాసనం శాసనం కాదు. దండోరా మనిషి దాన్ని పగటివేళ ఏడు ద్వారాల దగ్గరా డోలు కొట్టి చదవాలి. విన్న జనం ‘విన్నాం’ అని బదులు పలకాలి. అప్పుడే ద్వారపాలకుడు లక్క కరిగించి ముద్ర వేస్తాడు. జనం వినని చట్టం జనాన్ని కట్టెయ్యకూడదని పూర్వపు రాజులు పెట్టిన ఏర్పాటు అది. ముద్ర పడిన చోట మళ్ళీ చదవక్కర్లేదు, తప్పిన ద్వారం దగ్గర తప్పిన మాట ఎప్పుడైనా పూర్తి చెయ్యవచ్చు.

"శాసనానికి వయసు లేదు నాయనా. ఏడో ముద్ర వేయించుకురా, మీ అక్క నోటి గుడ్డ నా చేతులతో నేనే విప్పుతాను. ఆరు ముద్రలతో ఇది తాటాకే."

"నీలకూటానికి ఆరు ద్వారాలే కదండీ భట్టుగారూ?"

వామదేవభట్టు కిటికీ వైపు చూసి గొంతు తగ్గించాడు. ఏడోది ఉండేదని, పడమటి గోడలో అగడ్త మీదికి తెరుచుకునేదని, తన పెళ్ళి ఊరేగింపు దానిగుండానే వచ్చిందని చెప్పాడు. గంగన్న దండోరా వేస్తూ ఏడో ద్వారానికి బయల్దేరిన సాయంత్రం అక్కడ ద్వారముంది, తెల్లారేసరికి గోడ ఉంది. ఉండేదని అన్నవాళ్ళని ధూమకేశి పిచ్చివాళ్ళ కింద జమకట్టి నగరం దాటించాడు. తాను నోరు మూసుకుని బతికానని, నోటికి గుడ్డ కట్టకుండానే మూసుకున్నానని అంటూ ఆ పెద్దమనిషి కన్నీళ్ళు పెట్టుకున్నాడు. ఆయన సిగ్గుపడుతుంటే బయ్యనకి జాలేసింది.

సరిగ్గా అప్పుడే కిటికీ మీదినుంచి ఒక కాకి లేచి ఎగిరింది. దాని రెక్కలనుంచి పొగ రాలింది. బయ్యన వీధిలోకి వచ్చేసరికి బురుజుల మీద కొమ్ములు ఊదుతున్నారు. డోలు పట్టుకున్న మగవాడు ఎక్కడ కనిపించినా పట్టి బంధించమని మహామంత్రి ఆజ్ఞ.

డోలు పట్టుకున్న మగవాడు కదా. బయ్యన ఇంటికి పోయి అక్క చీర తీశాడు. డోలుని పొట్టకి కట్టుకుని పైన చీర చుట్టుకున్నాడు. తరువాత అద్దం ముందు నిలబడి, పదిహేనేళ్ళుగా నూనె రాసి పెంచుకున్న మీసాలని ఒకసారి కడసారిగా దువ్వి, కళ్ళు మూసుకుని గీసేశాడు. ఆ తరువాత అతను పడ్డ ప్రాణాపాయాలు చాలా ఉన్నాయి కానీ, చేతులు వణికింది మాత్రం అప్పుడొక్కసారే.

ఆరో ద్వారం దగ్గర భటుడు బల్లెం అడ్డంపెట్టి, నెలలు నిండిన మనిషి ఎండలో ఎక్కడికని అడిగాడు. పుట్టింటికి అని గొంతు సన్నం చేసుకుని చెప్పాడు బయ్యన. భటుడు మంచివాడే, అదే వచ్చిన చిక్కు. తన భార్యకి కూడా ఇప్పుడు ఎనిమిదో నెలని చెబుతూ, చెయ్యి పట్టుకుని గడప దాటించాడు. గడప దాటేటప్పుడు డోలు బల్లేనికి తగిలి ఢాంమని మోగింది. భటుడు అదిరిపడ్డాడు. బయ్యన నడుం పట్టుకుని వంగి, వీడు కడుపులోనే తన్నుతున్నాడన్నా అని మూలిగాడు. ఇంత గట్టిగా తన్నేవాడు తప్పకుండా సేనాపతి అవుతాడని దీవించి పంపించాడు భటుడు.

పడమటి గోడ కిందికి చేరేసరికి పొద్దు నడినెత్తి దాటి వాలింది. అక్కడ అగడ్త గట్టున ముప్ఫైమంది ఆడవాళ్ళు వరసగా బండలమీద బట్టలుతుకుతున్నారు. అవతల ప్రాకారం నున్నగా, అతుకన్నది లేకుండా నిలబడి ఉంది. బయ్యన గట్టు పొడుగునా అటూ ఇటూ తిరిగి దాన్ని వెతికాడు. నెర్రె లేదు, గుర్తు లేదు. పొద్దు మాత్రం దిగిపోతోంది.

"మీసం తీసేస్తే పోల్చుకోలేననుకున్నావట్రా బయ్యనా?" అంది వెనకనుంచి ఒక ముసలమ్మ. ఆమె ఈరమ్మ, ఆ రేవులో అందరికంటే పెద్దది. "ఆ నడక గంగన్న నడకే. కడుపుతో ఉన్నది అట్లా అంగలేస్తుందా?"

బయ్యన దాచలేక ఉన్నదంతా చెప్పేశాడు. ఈరమ్మ విని నిట్టూర్చింది. ఏడో ద్వారం తను కాపరానికి వచ్చిన కొత్తలో చూసినట్టే గుర్తు, అయితే అందరూ లేదు లేదంటుంటే తనకే అనుమానం వచ్చి ఆ మాట అనడం మానుకుంది. ఇంకో పక్క ఉతకమని పక్కనున్న పిల్లని కసిరింది. మొసలి దగ్గర ఉతికితే తెల్లబట్టలకి తుప్పు మరకలు పడతాయట, ఎంత చవుడు పెట్టినా పోవట.

బయ్యన ఆగిపోయాడు. తుప్పు మరకలెందుకని అడిగాడు.

"ఏమో, దాని వీపున బొడిపెలన్నీ ఇనపవి. నలభై ఏళ్ళబట్టీ చూస్తున్నాను, అంతే. పొద్దు పొడవగానే నోరు తెరుస్తుంది, కోటలో అస్తమయ భేరి కొట్టేసరికి మూసేస్తుంది. దాన్ని చూసే మేం బట్టలు ఆరేస్తాం, తీస్తాం."

పొద్దున తెరుచుకుని సాయంత్రం మూసుకునేది. ఇనప మేకులు దిగ్గొట్టినది. ఎవర్నీ కరవనిది. ధూమకేశి ద్వారం రూపు మార్చాడే గాని, దాని అలవాటు మాన్పించలేకపోయాడు. రోజూ ముప్ఫైమంది దాని పక్కనే బట్టలుతుకుతూ నలభై ఏళ్ళు గడిపేశారు. బయ్యనకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

అతను చీర విప్పి డోలు బయటికి తీసేసరికి గోడమీద నల్లటి నీడ లేచింది. ధూమకేశి. అతని జుట్టు గాలిలోకి విడివడి, ఒక్కొక్క పాయా ఒక్కొక్క పొగపామై ప్రాకారం మీంచి బుసలు కొడుతూ దిగుతోంది. తామరపూలు ఆ పొగ తగిలి నల్లగా మాడిపోతున్నాయి. ఒక పాము బయ్యన కాలు చుట్టింది. ఈరమ్మ తడి దుప్పటి ఒకటి బలంకొద్దీ దానిమీద కొట్టింది. పాము చుయ్యిమని ఆవిరైపోయింది. ముప్ఫైమందీ తడిబట్టలు తీసుకుని లేచారు. ఆ సందులో బయ్యన తామరాకు మీంచి తామరాకుకి మూడు గంతులు వేసి, నాలుగో గంతుకి తెరుచుకుని ఉన్న మొసలి నోట్లోకి దూకాడు.

లోపల నాలుక లేదు. నున్నటి రాతిబండలు పరిచి ఉన్నాయి. గోడకి దివ్వె వెలుగుతోంది. దాని కింద పీట వేసుకుని ఒక ద్వారపాలకుడు కుంపటిమీద లక్క కరిగిస్తున్నాడు.

"ఏం గంగన్నా, ఇంత ఆలస్యమా?" అన్నాడు తలెత్తకుండానే. "లక్క రెండుసార్లు గట్టిపడింది." తరువాత తలెత్తి చూశాడు. "మీసమేదీ?"

అతని పేరు పుల్లన. నలభై ఏళ్ళు అతనికి ఒక్క సాయంత్రంలా గడిచాయి. తాను గంగన్న మనవణ్ణని బయ్యన రెండు ముక్కల్లో చెప్పాడు. పుల్లన, దండోరా అయితే ముందు దండోరా కానిమ్మన్నాడు, మిగతా సంగతులు తరువాత ఏడుద్దామన్నాడు. ఉద్యోగం తెలిసిన మనిషి.

అప్పటికి సూర్యబింబం అంచు పడమటి కొండని తాకింది. పైదవడ కిర్రుమంటూ కొద్దికొద్దిగా దిగడం మొదలెట్టింది. చిరిగిన మూతిని వీపు వైపు తిప్పి, బాగున్న మూతిని ముందుకి పెట్టి, బయ్యన ఆ ఇనప కోరల మధ్య నిలబడి మూడుసార్లు డోలు కొట్టాడు. తాత నోట ఆగిపోయిన మాటని మనవడు గొంతెత్తి చదివాడు. నిందపడిన మనిషి నోరు కట్టరాదు. ఆ మనిషి మాట సభ వినక శిక్ష వేయరాదు. అతని గొంతు అగడ్త దాటి, గట్టు దాటి, అవతలి చేలదాకా పోయింది.

బదులు రాలేదు.

గోడమీంచి ధూమకేశి నెమ్మదిగా మాట్లాడాడు. బదులు పలికిన ప్రతి నోటికీ రేపు ఎర్రగుడ్డ కడతానన్నాడు. గట్టున ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అందరికీ ఇళ్ళున్నాయి, ఇళ్ళలో మనుషులున్నారు. దవడ సగానికి దిగింది. పుల్లన ముద్ర పట్టుకుని, బదులు వినపడనిదే వెయ్యలేను నాయనా అని బతిమాలుతున్నట్టు చూశాడు.

ఈరమ్మ చేతిలో దుప్పటి కింద పడేసి ముందుకి వచ్చింది.

"విన్నాం," అంది.

ముసలి గొంతు, పెద్దగా కూడా లేదు. కాని ఆ మాట అన్నాక ఆమె అక్కడే నిలబడింది. ఆమె పక్కపిల్ల విన్నాం అంది. ఆ పక్కనున్నామె అంది. ముప్ఫైమందీ తడిబట్టలు బండలకేసి బాదుతూ విన్నాం, విన్నాం అని అరిచేసరికి ఆ హోరు ప్రాకారానికి తగిలి తిరిగొచ్చింది. పుల్లన ముద్ర దించాడు. ఎర్రటి లక్క ఖాళీ చోట పరుచుకుంది.

భూమి కదిలింది. మొసలి వీపు నిటారుగా లేచింది, దవడలు రెండు తలుపులయ్యాయి, బొడిపెలు మేకులయ్యాయి. పడమటి గోడ పెళపెళమని చీలి తన ద్వారాన్ని తనలోకి తీసుకుంది. మూసుకుంటున్న తలుపుల సందులోంచి బయ్యన నగరంలోకి దూరి పరుగెత్తాడు. ఆ ద్వారం నుంచి ధర్మసభ ముంగిలికి తిన్నగా ఒకటే బాట, గడ్డి మొలిచి నలభై ఏళ్ళు ఎవరూ నడవని బాట.

ముంగిట్లో కర్రు ఎర్రగా కాలుతోంది. మాచమ్మ చేతులు చాపి నిలబడి ఉంది. కళ్ళు దించలేదు. భేరి కొట్టేవాడు కర్ర పైకెత్తి సూర్యుడి చివరి అంచు కోసం చూస్తున్నాడు. ధూమకేశి అప్పటికే పొగలా వచ్చి మంత్రి ఆసనం పక్కన నిలబడ్డాడు. బయ్యన జనాన్ని తోసుకుని వచ్చి, ఆకు వామదేవభట్టు చేతిలో పెట్టాడు. ముసలాయన వేలితో ఏడో ముద్ర తాకి చూశాడు. అది ఇంకా వెచ్చగా ఉంది.

అది పనికిరాదు, చచ్చిన రాజు శాసనమని ధూమకేశి అన్నాడు.  వామదేవభట్టు మెట్లు దిగి, మాచమ్మ నోటికి కట్టిన ఎర్రగుడ్డ ముడి విప్పి కింద పడేశాడు. 

మాచమ్మ ఎండిన పెదాలు తడుపుకుంది. తమ్ముణ్ణి ఎగాదిగా చూసింది.

"మీసాలేం చేశావురా?" అంది.

నీలకూటం పుట్టాక నిందపడిన మనిషి సభలో పలికిన మొట్టమొదటి మాట అది. బయ్యన ఏడుస్తూ నవ్వాడు. తరువాత ఆమె సభ వైపు తిరిగి, గొంతు బొంగురుపోయినా స్పష్టంగా చెప్పింది. రాజుగారు చావలేదు. తను తెచ్చిన వేరులో విషం లేదు. రాజుగారు కషాయం తాగి నిద్రపోతుండగా ధూమకేశి వంగి, ఆయన ఊపిరిని దారంలా లాగి ఒక నల్లశంఖంలోకి ఎక్కించుకోవడం ద్వారబంధం చాటునుంచి తను చూసింది. ఆ శంఖాన్ని అతను కాలనేమి కోన గుహలో దాస్తాడు. మూలికలకి వెళ్ళినప్పుడు అతని అడుగులు అక్కడ చాలాసార్లు కనిపించాయి. అతను గొణుక్కోగా తను విన్న మాట ప్రకారం, ఏడు పగళ్ళలో ఆ ఊపిరి విడిపించకపోతే అప్పుడు రాజుగారు నిజంగానే పోతారు. మూడు పగళ్ళు అయిపోయాయి.

ఆమె ముగించాక వామదేవభట్టు కళ్ళు తుడుచుకుని తల వంచాడు.

"విన్నాం," అన్నాడు.

ముంగిలంతా ఆ మాట అందుకుంది. అది మేడల మీదికీ సందుల్లోకీ పాకిపోతుంటే ధూమకేశి నిలుచున్న చోట మనిషి లేడు. ఒక నల్లటి పొగస్తంభం సుడులు తిరుగుతూ లేచి, గోడ దాటి, కాలనేమి కోన వైపు దూసుకుపోయింది. అదే క్షణాన అస్తమయ భేరి మోగింది.

దారి నీకు తెలుసా అని బయ్యన అడిగేలోపలే మాచమ్మ కొంగు బిగించి గడ్డి మొలిచిన బాటలోకి మళ్ళింది. బయ్యన డోలు భుజాన వేసుకుని వెంట పరుగెత్తాడు. బాట చివర పుల్లన ఒక తలుపుకి భుజం ఆనించి, రెండో తలుపుని కాలితో ఆపి, చెమటలు కక్కుతున్నాడు.

"త్వరగా రండర్రా," అన్నాడు. "నలభై ఏళ్ళ తరువాత తలుపు మూస్తున్నాను, ఆలస్యమైతే మాట నాకొస్తుంది."

అక్కాతమ్ముళ్ళు ఆ సందులోంచి బయటికి దూకారు. వెనక ఏడో ద్వారం ధడేలుమని మూసుకుంది. ఎదుట, కాలనేమి కోన మీద, పొగ దిగుతున్న చోట ఏదో పెద్దగా ఊపిరి తీసుకోవడం ఇద్దరికీ వినిపించింది.